మస్తాన్ గారి పళ్ళెం

నెల్లూరులో నన్ను చూడగానే అన్నం పళ్ళేన్ని దగ్గరికి లాక్కునే పెద్దాయన ఒకరున్నారు. పేరు మస్తాన్ గారు. ఒకప్పుడు నాయుడుపేటలో బట్టల కొట్టు నడిపారు. ఆయన జాగ్రత్త ఆయనది. ఎందుకో చెప్తాను వినండి.

మా అత్తకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ప్రాణానికి భయం లేదన్నారు. డిశ్చార్జి చేసేటప్పుడు డాక్టరు, "కొన్నాళ్ళు మంచి రీహాబ్ సెంటర్లో పెట్టండి. చెయ్యి మళ్ళీ పనిచేసే అవకాశం ఉంది, ఆలస్యం మాత్రం చెయ్యొద్దు" అన్నాడు.

అత్త బెంగంతా ఆ చెయ్యి గురించే. ఎడమ చేత్తో అన్నం తినడం ఆమె వల్ల కాదు. ఎవరైనా తినిపిస్తే తింటుంది. కానీ కవళ్ళ పులుసు అట్లా తినేది కాదు. కవళ్ళంటే చిన్న చేపలు, ఒళ్ళంతా సన్నటి ముళ్ళు. ఎవరి ముళ్ళు వాళ్ళే వేళ్ళతో తడిమి తీసుకోవాలి. "నా ముళ్ళు నేను తీసుకోలేనప్పుడు నన్ను బతికిచ్చి ఏం లాభం రా?" అని ఆస్పత్రి మంచం మీదే మా ఆయన్ని అడిగింది.

సెంటర్ చూసి ఖాయం చేసే పని నాకు పడింది. నేను సహకార బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ సెక్షన్. చెప్పకుండా వెళ్ళి తప్పులు పట్టడమే నా ఉద్యోగం. "నాకు అరగంట చాలు" అన్నాను మా ఆయనతో.

మొదట ముత్తుకూరు రోడ్డులో ఉన్న సెంటర్‌కి వెళ్ళాను, సరిగ్గా భోజనాల టైముకి. వాసన లేదు. బాత్రూముల్లో పట్టుకోవడానికి కమ్మీలున్నాయి. నేల తడిగా లేదు. బాగానే ఉందే అనుకుంటూ భోజనాల గదిలోకి అడుగు పెట్టాను.

అక్కడ మస్తాన్ గారు సాంబారన్నంతో కుస్తీ పడుతున్నారు. చెయ్యి వణుకుతోంది. ముద్ద గడ్డం దాకా వచ్చి చొక్కా మీద పడింది. మళ్ళీ కలుపుకున్నారు. ఎదురుగా ఆయా గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని చూస్తోంది. కదల్లేదు, మెదల్లేదు.

మన ఇళ్ళల్లో పెళ్ళిభోజనాల దగ్గర నెయ్యి కాస్త ఆలస్యమైతేనే మాట పడతాం. అలాంటిది ముసలాయన పళ్ళెం ముందు ఇంత అవస్థ పడుతుంటే చూస్తూ నిలబడతారా?

"నువ్వు మనిషివేనా? పెద్దాయన అన్ని తిప్పలు పడుతుంటే చేతులు కట్టుకుని చూస్తావా?" అన్నాను ఆయాతో. ఆమె ఏదో చెప్పబోయింది. వినే ఓపిక నాకు లేదు. పళ్ళెం లాక్కున్నాను. చెయ్యి కడుక్కొచ్చి, మెత్తగా కలిపి ఒక ముద్ద పెట్టాను. ఆయన తల అడ్డంగా ఊపారు. మొహమాటం కాబోలు అనుకుని ఇంకో ముద్ద పెట్టాను.

ఫిజియోథెరపిస్టు పరుగెత్తుకొచ్చింది. "మేడం, ఆపండి. ఎవరు మీరు?"

"ఇక్కడ తినిపించే దిక్కు లేదా?"

"ఆయన సొంతంగా ముద్ద నోటి దాకా తెచ్చింది ఈరోజే, మేడం. రెండో ముద్ద కోసమే అందరం చూస్తున్నాం."

మస్తాన్ గారు నేను పెట్టింది కష్టం మీద మింగి, "ఇంకోటి కూడా వచ్చుండేదమ్మా. నువ్వు పళ్ళెం లాక్కుంటివి" అన్నారు.

నేను నమ్మలేదు. తప్పు దొరికినప్పుడు ప్రతి బ్రాంచి మేనేజరూ ఇలాంటి కారణమే చెప్తాడు. బయటికొచ్చి మా ఆయనకు ఫోన్ చేసి, "ఇది పనికిరాదు, మనుషుల్ని గాలికొదిలేశారు" అన్నాను.

హైవే పక్కన ఇంకో సెంటర్ చూశాను. ఏసీ గదులు, తెల్లటి దుప్పట్లు. మంచానికొక ఆయా, చేతిలో స్పూను. "నోరు తెరువు తల్లీ" అంటూ ఒకటే ముద్దు. మర్యాదంటే ఇదీ అనుకుని అత్తను అక్కడే చేర్పించాం.

అత్త బుగ్గలు నిండాయి. వెళ్ళినప్పుడల్లా నాకు నేనే మార్కులు వేసుకునేదాన్ని. ఒకరోజు అడిగాను. "చెయ్యి ఎట్లుంది అత్తా?"

"చేత్తో పనేముంది? అడక్కముందే నోట్లో పెడతా ఉండారు. దిండు పక్కన పడేసుకుని ఉండా." మళ్ళీ తనే, "సరళా, ఇంట్లో కవళ్ళు వండితే మాత్రం నాకు చెప్పబాక" అంది.

ఆ మాటతో నేను పళ్ళెం లాక్కున్న పెద్దాయన గుర్తొచ్చారు. మర్నాడే ముత్తుకూరు రోడ్డుకు వెళ్ళాను. ఫిజియో అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. "చేర్చుకుంటాం మేడం. కానీ మీరు ఎవరికీ తినిపించకూడదు" అంది. నా వైపు చూడకుండా ఆయా నవ్వుకుంది.

ఇక్కడ అత్తకు ముద్దులూ లేవు, మురిపాలూ లేవు. కుడి చేత్తో పిండి ముద్ద పిసకాలి, బట్టల క్లిప్పులు తీసి పెట్టాలి. "ఈళ్ళు నా చేత చాకిరీ చేపిస్తా ఉండారు" అని మొదట్లో రోజూ ఫోనులో తిట్టింది. తర్వాత తిట్లు తగ్గాయి.

మొన్న ఆదివారం ఫిజియోని అడిగి కవళ్ళ పులుసు తీసుకెళ్ళాను. పక్క టేబుల్ దగ్గర మస్తాన్ గారు నన్ను చూడగానే పళ్ళెం అవతలికి జరుపుకున్నారు. అత్త కుడి చేత్తో చేపను విప్పింది. ముల్లు వేళ్ళకు చిక్కి జారింది. మళ్ళీ తడిమింది. మళ్ళీ జారింది. పులుసు చీర మీద పడింది. నా చేతులు ఊరుకోవడం లేదు. రెండూ కట్టేసుకుని గోడకు ఆనుకున్నాను. చివరికి ముల్లు బయటికొచ్చింది. అత్త దాన్ని పళ్ళెం అంచున పెట్టి నా వైపు చూసింది.

అప్పుడే వెనకనుంచి ఎవరో, "ఏమండీ, మీరు మనుషులేనా? పెద్దావిడ అంత కష్టపడుతుంటే చేతులు కట్టుకుని చూస్తారా?" అన్నారు.

తిరిగి చూశాను. నా వయసే. భుజాన హ్యాండ్‌బ్యాగు. వాళ్ళ నాన్న కోసం సెంటర్ చూడ్డానికి వచ్చిందట. నేను నోరు తెరిచేలోపే ఆమె వచ్చి అత్త పళ్ళెం మీద చెయ్యి వేసింది. అత్త ఎడమ చేత్తో ఆ పళ్ళేన్ని గట్టిగా పట్టుకుంది.

"వద్దమ్మా, వదిలెయ్" అన్నారు మస్తాన్ గారు పక్కనుంచి. "ఆ పనికి మాకు ముందే ఒకామె ఉండాది." అని ముద్ద పట్టుకున్న కుడి చేత్తో, అసలు వణకకుండా, నన్ను చూపించారు.