మొదటి 'చాలు'కే ఆపాలె

"చాలు అన్నది గదా అవ్వా. ఆపాలె."

"ఆపుత మేడం. ఆపనన్ననా? రెండో జడ ఎయ్యంగనె ఆపుత."

"రెండో జడ కాదు, ఇప్పుడే."

"గిప్పుడాపితె ఒక దిక్కు జడ, ఒక దిక్కు చింపిరి. ఈ పిల్ల గట్ల తిరిగితె నలుగురు నవ్వరా?"

"నవ్వితె నవ్వనియ్యుండ్రి. పిల్ల చెయ్యి బొమ్మ చూపెట్టింది. చూపెట్టినంక గూడ మీరు దువ్వుకుంట పోతె, రేపటి సంది ఆ బొమ్మ ఎందుకు చూపెడ్తది? మల్ల పాత పద్ధతికే పోతది."

పాత పద్ధతి ఏమిటో నా ముంజేతిని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. మోచేతి నుంచి గాజుల దాకా పంటిగాట్లే. కాబట్టి దువ్వెన కింద పెట్టాను. నా మనుమరాలు ఒక జడతో, ఇంకో పక్క పిచ్చుకగూడులాంటి జుట్టుతో లేచి, ఏమీ జరగనట్టు ఇసుక కుప్ప దగ్గరికి పోయింది.

ఆ రోజుల్లో నేను చాలా మొండిదాన్ని. ఆ రోజుల్లో అంటే మా అవ్వల కాలం ముచ్చట అనుకునేరు, రెండు ఎండాకాలాల కిందటి మాటే. మిగతావాళ్ళు బడి అల్లరి గురించి చెప్పుకోవాలంటే చిన్నతనానికి పోతారు. నా బడి మూడో తరగతిలోనే ఆగిపోయింది (ఇంట్లో బర్రె ఈనింది, దాన్ని చూసేవాళ్ళు కావలసివచ్చారు), అందుకని నా వంతు అల్లరి అరవై దాటినంక జనగామలో, ఎండాకాలం క్యాంపులో చేయవలసి వచ్చింది. మా బిడ్డ కూతురికి మాటలు రావు. పేరుంది గాని ఇంట్లో అందరం ఉడుత అనే పిలుస్తాం. ఒకచోట నిలవదు, పళ్ళు మాత్రం గట్టివి. మాటలు రాని పిల్లలకు, కోపం పట్టలేని పిల్లలకు నేర్పుతామని ఆ క్యాంపు పెట్టారు. ఇంటి మనిషి ఒకరు వెంట ఉండాలన్నారు. బిడ్డ, అల్లుడు భూపాలపల్లిలో, బొగ్గుబాయి క్వార్టర్లలో ఉంటారు. అల్లుడికి షిఫ్టులు, బిడ్డకు అప్పుడే బట్టలు కుట్టే షాపులో పని దొరికింది. ఇక మిగిలింది కొడకండ్లలో ఖాళీగా ఉన్న నేను.

అసలు చిక్కు జూన్‌లో ఉంది. భూపాలపల్లి బడిలో పెద్దసారు ముందే చెప్పేశాడు: 'కొరుకుడు ఆగితేనే చేర్చుకునుడు.' బడిలో చేరకపోతే పిల్ల ఇంట్లోనే, పిల్ల ఇంట్లో ఉంటే తల్లికి పని లేనట్టే. అంటే ఆ ఎండాకాలం అంతా మా ఇంటిల్లిపాది చూపు ఉడుత పళ్ళ మీదే.

క్యాంపు మేడం మా బిడ్డకన్నా చిన్నది, సన్నగా, మెల్లగా మాట్లాడేది. మొదటి రోజే ఉడుత మెడలో ఒక తాడు వేసి, దానికి బొమ్మల అట్టలు తగిలించింది. నీళ్ళ బొమ్మ, అన్నం బొమ్మ, దొడ్డికి పోయే బొమ్మ, చివరన అరచెయ్యి బొమ్మ. అరచెయ్యి అంటే చాలు, ఇక ఆపమని. "అది ఉట్టిగ కొరకది అవ్వా. ముందుగాల చెవులు మూసుకుంటది, మెడ వంచుతది. మనం సూడం. సూడకపోతె కొరుకుతది. కొరికితె మనం ఆపుతం. అంటే కొరికితేనె ఆపుతరని మనమే నేర్పినట్టు," అంది. అది చెవులు మూసుకున్నప్పుడు నేను ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని. ఆ మాట మేడంకు చెప్పలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా దిక్కు చాలు అన్నవాణ్ణి ఎవరూ నమ్మరు. పెళ్ళి బంతిలో చాలు అంటే ఇంకో గరిటె పడుతుంది. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పప్పు పోస్తారు. విస్తరి మీద వంగి పడుకుంటే గాని వదలరు. మొదటి చాలుకే ఆపినవాణ్ణి పీనాసి అంటారు (నా ఇంట్లో నేను మొదటి చాలుకే ఆపుతాను, పారేసే అన్నం నాకు కంటగింపు, అది వేరే ముచ్చట). అటువంటి ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని పట్టుకుని, మొదటి చాలుకే ఆపమంటే ఎట్లా? అది కూడా నా మోకాలంత లేని పిల్ల చెబితే?

అందుకే ఆ ఒంటి జడ నాటి మర్నాడు ఒక ఉపాయం చేశాను. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి దువ్వడం మొదలుపెట్టాను. అద్దాలు లేకపోతే నాకు ఏ బొమ్మా కనిపించదు. కనిపించనిదానికి నేను జవాబు చెప్పవలసిన పని లేదు కదా. ఉడుత అట్ట చూపించింది. నేను గోడ వైపు చూస్తూ దువ్వాను. మళ్ళీ చూపించింది. మళ్ళీ దువ్వాను. అప్పుడది లేచి నా అద్దాలు తీసుకొచ్చి, తలకిందులుగా నా ముక్కు మీద పెట్టి, అరచెయ్యి బొమ్మను నా కళ్ళకు ఆనించింది. కొరకలేదు. నేను ఆపాను. పగటన్నం తిన్నాక అదే దువ్వెన తీసుకొచ్చి, నా మోకాళ్ళ మధ్య కూర్చుని, తల నా వైపు పెట్టింది. రెండో జడ అప్పుడు పడింది.

ఆ రోజుతో ఉడుతకు ఒక సంగతి అర్థమైపోయింది: ఇంతమందిని భయపెట్టే అమ్మమ్మ, అట్టముక్క ఒకటి చూపిస్తే ఆగుతుంది. ఇక పట్టపగ్గాలు లేవు. వీపు రుద్దుతుంటే 'చాలు'. పెరుగన్నం కలుపుతుంటే 'చాలు'. ఒకనాడు అల్లుడికి ఫోన్ చేసి, క్వార్టర్లో మనిషి లేని గదిలో ఫ్యాన్ తిరగడం గురించి చెబుతున్నాను. మాట ఇంకా ఫ్యాన్ దగ్గరే ఉంది, లైట్ల దాకా రాలేదు, అట్ట నా ముందుకొచ్చింది. ఆపాను. అటునుంచి అల్లుడు, "హలో, అత్తమ్మా? లైన్ కట్టయిందా?" అంటున్నాడు. సంగతి తెలిసినాక, "గసొంటి అట్ట ఇంకోటి ఇస్తరా, క్వార్టర్ల పెట్టుకుంట," అన్నాడట. నాతో కాదులెండి, మా బిడ్డతో.

అన్నిటికన్నా నా గుండె కోసింది మామిడికాయల నాడు. తొక్కు పచ్చడి పెట్టే కాలం. గేటు దగ్గరికి బండి వచ్చింది. బేరం ఆడకుండా కాయ కొన్నది మా వంశంలో లేదు. ఒక కాయ పట్టుకుని పుచ్చు అన్నాను, ఇంకో కాయ పట్టుకుని పీచు లేదన్నాను. బండాయన ఇదిగో దిగుతున్నాడు, ఇదిగో దిగుతున్నాడు, నేను గొంతు పెంచాను. ఉడుత ఒక చెవి మూసుకుని, రెండో చేత్తో అట్ట ఎత్తింది. మేడం వరండాలో నిలబడి నన్నే చూస్తోంది.

నేను ఆగిపోయాను.

"ఏందవ్వా, గింత లొల్లి జేస్తివి, ఒక్కసారె సల్లవడ్డవు?" అన్నాడు బండాయన.

"ఏం లేదు. తూకమెయ్యి," అన్నాను.

అతను అడిగినంతా ఇచ్చాను. నా పక్కన కొత్తగూడ దిక్కు తండా నుంచి కొడుకుతో వచ్చినామె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. వాళ్ళింట్లో లంబాడీ మాట్లాడుకుంటారు, ఆ పిల్లవానికి మా తెలుగు పట్టుబడదు, కానీ ఈ బొమ్మలు ఏ భాషవాళ్ళకైనా పని చేస్తాయి. "పెద్దవ్వా, మీ ఇంట్ల ఇప్పుడు పెత్తనం ఎవలది?" అని అడిగింది. "నీ కొడుక్కు గూడ అట్ట ఇచ్చిండ్రు గదా, నీ వంతు గూడ వస్తది, జర ఆగు," అన్నాను. బండాయన పోతూ పోతూ, "రేపు గూడ పిల్లను ఎంబడి తోల్కరా అవ్వా," అన్నాడు.

జూన్ వచ్చింది, క్యాంపు అయిపోయింది. బడి తెరిచినాక బిడ్డ, నేను, ఉడుత పెద్దసారు దగ్గరికి పోయాం. జనగామ నుంచి భూపాలపల్లి దాకా బస్సులో నేను ఒకటే పని చేశాను, సారుకు చెప్పవలసిన మాటలు వరుసగా పేర్చుకోవడం. మొదట మర్యాద, తరవాత కష్టం, ఆ తరవాత కొంచెం బెదిరింపు, అన్నిటికన్నా గట్టి మాట చివరకు దాచుకున్నాను. సారు మంచివాడే. "అవ్వా, నాకు మీ మీద కోపం లేదు. ఎవరి పిల్లనన్న కొరికితె వాళ్ల అమ్మ బాపు నా మీదికొస్తరు. నేనేం జెప్పాలె?" అన్నాడు.

నేను మొదలుపెట్టాను. మర్యాద అయింది. కష్టంలోకి వచ్చేసరికి గొంతు పెరిగింది. బెదిరింపులోకి వచ్చేసరికి బయట పోయేవాళ్ళు కిటికీలోంచి చూశారు. ఉడుత చెవులు మూసుకుంది, మెడ వంచింది. మా బిడ్డ ముఖం తెల్లబోయింది. నేను చూశాను, కానీ గట్టి మాట నాలుక మీదికి వచ్చి ఉంది, దాన్నెట్లా మింగేది? అప్పుడు నా గడ్డానికి చల్లగా అట్ట తగిలింది.

నోరు తెరిచినదాన్ని తెరిచినట్టే ఆగిపోయాను. ఉడుత చెవుల మీంచి చేతులు తీసి, కిటికీ దగ్గరికి పోయి కాకులను చూస్తూ నిలబడింది.

"ఆగిపోతిరేందవ్వా?" అన్నాడు సారు.

"చాలన్నది సార్."

"ఎవరు?"

"మా ఉడుత. చెయ్యి బొమ్మ చూపెట్టింది గదా. చూపెడితె ఆపాలె."

"ఆపకపోతె?"

నేను ముంజేయి చాపాను. సారు తన చేతులు బల్ల మీంచి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. తరవాత గాట్లను వంగి చూశాడు. "ఇవన్ని పాతవే," అన్నాడు.

"ఎండకాలం ముందటియి సార్," అంది మా బిడ్డ. "క్యాంపుకు పోయినంక ఎవ్వల్ని కొరకలె."

"మరి మా సార్లు గూడ ఆపాలెనా, బొమ్మ చూపెడితె?"

"ఆపాలె సార్. జరసేపు ఆగి, మల్ల మొదలువెట్టాలె."

ఆయన కిటికీ దగ్గర ఉన్న పిల్ల వైపు చూశాడు. "మా లెక్కల సారుకు జర కష్టమే," అని నవ్వాడు. "రేపు తోల్కరాండ్రి. అన్నం బెల్లు దాక చూద్దాం. మీరు దగ్గర్లనే ఉండాలె అవ్వా, పిలిస్తె రావాలె."

దాచుకున్న గట్టి మాట ఇంకా నా దగ్గరే ఉంది. అది చెప్పడానికి నోరు తెరిచాను. బిడ్డ బల్ల కింద నా కాలు తొక్కింది. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు తలుచుకుంటే అంత గట్టిది కూడా కాదు. ఒక్క అట్టముక్క చేసిన పనికి నా బస్సు ఉపన్యాసమంతా ఎదురు నిలిచేదా? ఆ మొండి ముసలమ్మ గుర్తొస్తే నాకే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా.

మర్నాడు పొద్దున ఉడుత రెండు జడలతో బడికి పోయింది. నేను నీళ్ళ సీసా, తువ్వాల, మారు బట్టలు సంచిలో పెట్టుకుని, గేటు బయట గోడ నీడన కూర్చున్నాను. లోపల ప్రార్థన అయింది. పిల్లలు ఎక్కాలు చదివారు. నీడ జరిగినప్పుడల్లా నేను కూడా జరిగాను. అన్నం బెల్లు కొట్టారు.

నన్ను ఎవరూ పిలవలేదు.