ముల్లు కిందికి దిగిన రోజు

నా చిన్నప్పుడు మా చిన్నాన్నకు ఒక పాత అంబాసిడర్ కారు ఉండేది. అందులో ఇంజిన్ వేడి చూపించే ముల్లు అంటే నాకు మహా మోజు. ఒకరోజు మా మేనత్తను అత్తారింట్లో దిగబెట్టడానికి గద్వాల నుంచి కొల్లాపూర్‌కు బయలుదేరాం. ముందు సీట్లో చిన్నాన్న పక్కన నేను, వెనక తాతయ్య, అత్త.

అత్త మగ్గం చప్పుడులో పెరిగిన మనిషి. అత్తారిదేమో మామిడితోటల ఇల్లు, అక్కడ మగ్గం లేదు. నేత మానేసి బతకలేనని పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ ఏడుస్తూనే ఉంది. ఆ పొద్దున మాత్రం నోరు మెదపకుండా వచ్చి కార్లో కూర్చుంది. సర్దుకుందిలే అని అందరం సంతోషించాం.

బయలుదేరే ముందు తాతయ్య ఒక ఘనకార్యం చేశాడు. నేసే బట్టకు దుమ్ము తగలనివ్వని అలవాటు కొద్దీ, కారు ముందున్న జాలీకి కూడా శుభ్రంగా నూలు గుడ్డ కట్టాడు. తండ్రికి ఎదురు చెప్పలేక చిన్నాన్న ఊరుకున్నాడు. ఇంజిన్‌కు గాలి ఆడక, వనపర్తి దాటేసరికి ముల్లు ఎర్రగీతను తాకింది. నేను బిక్కచచ్చి చూస్తుండగానే అది ఒక్కసారిగా కిందికి పడిపోయింది. చల్లబడిందని చప్పట్లు కొట్టాను.

చిన్నాన్న మాత్రం వెంటనే కారు పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాడు. "చల్లబడలే బిడ్డా, నీళ్లన్నీ ఆవిరైపోయినయ్. ఆ ముల్లుకు నీళ్ల వేడే తెలుస్తది. నీళ్లు లేకుంటే ఇంజిన్ కాలిపోతున్నా దానికి తెల్వదు" అన్నాడు.

ఇంజిన్ చల్లారేదాకా వేపచెట్టు నీడన కూర్చున్నాం. తాతయ్య తను కట్టిన గుడ్డను విప్పి, మడతపెడుతూ చాలాసేపు అత్త వైపే చూశాడు. "పొద్దుగాల్నుంచి ఏం మాట్లాడకపోతివి. లోపల ఏముందో జర చెప్పు బిడ్డా" అన్నాడు.

అత్త భోరుమంది. "ఎంత చెప్పినా వినేటోళ్లు లేరని ఊకున్న నాయనా" అంది. అప్పటిదాకా ఆ ఏడుపంటే విసుక్కున్న నాకు, అది మళ్లీ వినబడగానే ప్రాణం లేచొచ్చింది.

పక్క పొలం బావి నీళ్లు పోసుకుని కొల్లాపూర్ చేరాం. తాతయ్య వియ్యంకుడి పక్కన కూర్చుని నెమ్మదిగా నచ్చజెప్పాడు. మామిడికాయలు పోసే గది ఒకటి ఖాళీ అయింది. గద్వాల నుంచి మగ్గం వచ్చి అందులో కూర్చుంది. నా పెళ్లిచీర దాని మీద నేసిందే.

ఇప్పుడు నా మనవరాలు హైదరాబాద్ హాస్టల్ నుంచి రోజూ ఫోన్ చేసి అన్నం బాగాలేదని, నిద్ర లేదని సతాయిస్తుంది. హాయిగా వింటాను. "అంతా మంచిగనే ఉంది నానమ్మా" అని టక్కున పెట్టేసిన రోజే బస్సెక్కుతాను.