తలగడలు విప్పిన రోజు

ఆగయ్య కాళ్లు ఒక చోట ఆగవని రఘునాథపల్లి చుట్టుపక్కల కురుమలందరికీ తెలుసు. మగ్గం ముందు కూర్చున్నా, అన్నం ముందు కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉండేది. "కాళ్లల్ల చీమలేమన్న జొచ్చినయా?" అని భార్య ఉప్పలమ్మ విసుక్కునేది. అయితే గొంగడి నేయడంలో అతనికి వంక పెట్టినవాళ్లు లేరు. ఆ పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తండ్రి ఎల్లస్వామి జన్మంతా గొర్ల వెంటే తిరిగినవాడు. ఆగయ్యే పక్కవాళ్ల మగ్గాలు చూసి, నేసింది విప్పి, మళ్లీ నేసి సొంతంగా పట్టుకున్నాడు.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న వేసవిలో, గొంగళ్ల గంజికి చింతగింజలు కొనడానికి జనగామ పోయి బంద్‌లో చిక్కుకున్నాడు. బస్సులు లేవు. దుకాణాలన్నీ మూసేశారు. జట్కాల అడ్డా దగ్గర అటూ ఇటూ తిరుగుతుంటే, విప్పి పెట్టిన గుర్రం జీను కింద మందపాటి బట్ట ఒకటి కనబడింది. తిరగేసి చూశాడు. పడుగు లేదు, పేక లేదు, కుట్టు కూడా లేదు.

"గిదేంది సాయిబూ? ఎట్ల నేసిండ్రు?" అని జట్కా తోలేవాణ్ని అడిగాడు.

"నేసుడు గీసుడు లేదు. నమ్దా అంటరు దీన్ని. బొచ్చును వేడినీళ్లతో తడిపి తొక్కుతరట. మా తాతప్పటిది. చూడు, ఇంకా ఎట్లున్నదో."

ఆగయ్య దాన్ని అరచేతితో నొక్కాడు. నొక్కుతుంటే తండ్రి నడుము గుర్తొచ్చింది.

వానాకాలంలో చేలల్లో మంద పెట్టినప్పుడు ఎల్లస్వామి గొర్ల మధ్యే పడుకుంటాడు. గొంగడి పైనుంచి వచ్చే వానను ఆపుతుంది గానీ నేలలోంచి ఎక్కే చెమ్మను ఆపదు. పోయిన ఏడు నడుము పట్టేసిన ముసలాయన్ని పొద్దున్నే లేపడానికి ఆగయ్య చేను దాకా పోవలసి వచ్చేది. "ఇంకో వానకాలం గిట్లనే అయితే మంద ఇడిసిపెట్టుడే బిడ్డా" అన్నాడు ఎల్లస్వామి. మంద విడిచి ఇంట్లో కూర్చున్న తండ్రిని ఆగయ్య ఊహించుకోలేకపోయాడు. వానలు పడేలోపు ఆయన కింద అలాంటి పక్క ఒకటి పడాలి. జనగామ నుంచి నడిచే ఇంటికొచ్చాడు.

ఆ ఏటి కోతలో వచ్చిన ఉన్నిలో పొడవైనది, మేలైనది ఏరి పక్కన పెట్టాడు. నూలుకు దువ్వినట్టే ఒకే వైపుకు దువ్వి, పరిచి, తడిపి తొక్కాడు. ఎత్తితే విడిపోయింది. మళ్లీ తొక్కాడు. మళ్లీ విడిపోయింది. పైన వానమొగులు కమ్ముకొస్తోంది. చివరికి గొంగడికి పెట్టే చింతగింజల గంజి చిక్కగా కాచి దాని మీద పోసి ఎండబెట్టాడు. చెక్కలా తయారైంది.

కోత అయ్యాక చుట్టుపక్కల నేసేవాళ్లు, వడికేవాళ్లు బీరప్ప గుడి ముందు కలిసి, ఎవరు చేసింది వాళ్లు పరిచి చూపుకుంటారు. ఆగయ్య కూడా తనది పరిచాడు. అందరూ గోళ్లతో కొట్టి చూసి మెచ్చుకున్నారు. అతని మోకాలు మాత్రం ఆడుతూనే ఉంది. ఆ గట్టిదనం ఉన్నిదా, గంజిదా?

మొదటి వాన జవాబు చెప్పింది. దాని మీద పడుకున్న ఎల్లస్వామి తెల్లారి నడుము పట్టుకుని ఇంటికొచ్చాడు. వీపు నిండా గంజి, గంజి నిండా నల్ల బొచ్చు.

"ఓ ఉప్పలమ్మా, నేను మనిషినా గొర్రెనా, జర సూడు బిడ్డా. ఆగయ్య కత్తెర పట్టుకోని రాకముందే చెప్పు!"

ఉప్పలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ముసలాయనా నవ్వాడు. నవ్వుతూనే అరుగు మీద కూర్చోబోయి, కూర్చోలేక గోడ పట్టుకున్నాడు. ఆగయ్యకు నవ్వు రాలేదు.

చెడిన పనిని నలుగురిలో పెట్టే అలవాటు వాళ్లలో లేదు. ఆగయ్య ఆ తడి ముద్దను నెత్తికెత్తుకుని వాడలోంచే నడిచిపోయాడు. అందరికంటే పెద్ద వడుకరి భద్రమ్మ వాకిట్లో ఆడవాళ్లు కదుర్లు తిప్పుతున్నారు. ముద్దను వాళ్ల మధ్య పడేశాడు.

"చెడిపోయిందవ్వా. ఎందుకు చెడిపోయిందో తెలుస్తలేదు."

భద్రమ్మ ఒక పోగు లాగి వేళ్ల మధ్య నలిపింది. "ఏ బొచ్చు పెట్టినవ్‌రా?"

"మంచిదే. ఏరి ఏరి పొడుగుది పెట్టిన."

"గట్లనా! ముద్దగట్టని బొచ్చును ఏరి పెట్టి, ముద్దగట్టమని తొక్కుతున్నవా?"

లోపలికి పోయి తన తలగడ తెచ్చింది. నూలుకు పనికిరాని పొట్టి బొచ్చు, పొట్ట కింది బొచ్చు, వడుకుతుంటే చిక్కు పడి విసిగించేది — ఆడవాళ్లు అదంతా తలగడల్లో కుక్కుతారు. భద్రమ్మ కొడవలితో కుట్లు తెంపింది. లోపల బొచ్చు లేదు. ఏళ్ల తరబడి తల బరువుకు, వేడికి, చెమటకు అణిగి రొట్టెలా అయిన పలక ఉంది. ఆగయ్య లాగాడు. తెగలేదు. నీళ్ల కుండలో ముంచి పిండాడు. అప్పుడూ తెగలేదు.

"నాకు తొక్కుడు తెల్వదురా. గిది మాత్రం తెలుసు."

సాయంత్రానికి వాడలోని తలగడలన్నీ ఆ వాకిట్లోకి వచ్చాయి. పాతవి బిగుసుకుపోయాయని పక్కన పెట్టి, కొత్తవాటిలోని బొచ్చు చేతులతో విప్పారు.

"ఇయ్యాల మా ఇంటాయిన దేని మీద తల పెడ్తడే?" అంది ఒకామె.

"నీ మొద్దు చెయ్యి ఉన్నది గదా, దాని మీదనే పెట్టుమను!"

ఈసారి ఆగయ్య ఉన్నిని ఒక వరుస నిలువుగా, దాని మీద ఇంకో వరుస అడ్డంగా పరిచాడు. వేడినీళ్లు, కుంకుడు రసం చల్లి, ఈతచాపలో చుట్టి తాళ్లు బిగించాడు. చాపను దొర్లిస్తూ తొక్కారు, విప్పి చూశారు, మళ్లీ చుట్టి తొక్కారు. ఆడవాళ్లు అలసి కూర్చున్నా ఆగయ్య దిగలేదు. ఆ రోజు అతని కాళ్లను ఎవరూ ఏమీ అనలేదు.

గంజి చుక్క పెట్టకుండా ఆరబెట్టి, ఎల్లస్వామి భుజాన వేసి పంపారు. మంద అప్పుడు జగపతి పటేలు బీడులో ఉంది. మర్నాడు పొద్దుగూకేసరికి వాన పట్టుకుని రాత్రంతా కురిసింది.

తెల్లారి పొద్దెక్కుతున్నా తండ్రి జాడ లేదు. ఆగయ్య అరుగు మీంచి వాకిట్లోకి, వాకిట్లోంచి బాట మీదికి తిరుగుతూనే ఉన్నాడు. అంతలో జగపతి పటేలు అరుచుకుంటూ వచ్చాడు.

"ఆగయ్యా! గొర్లన్ని నా పెసర చేన్ల పడ్డయ్. పిలిస్తె మీ నాయిన పలుకుతలేడు. ఉన్నడో పోయిండో సూడుపో!"

ఆగయ్య పరుగెత్తాడు. బీడంతా చిత్తడిగా ఉంది. మధ్యలో గొంగడి కప్పుకున్న ఆకారం కదలడం లేదు. దగ్గరికి పోయేసరికి గురక వినిపించింది. మోకాళ్ల మీద కూలబడి, తండ్రి వీపు కిందికి చెయ్యి దూర్చాడు. పొడిగా ఉంది, వెచ్చగా ఉంది.

"ఏందిరా?" అన్నాడు ఎల్లస్వామి కళ్లు తెరవకుండానే. "తెల్లారిందా?"

"ఇంకా లేదు నాయిన. పండుకో."

పెసర చేనులోంచి పటేలు తిట్లు వినబడుతున్నాయి. ఆగయ్య గొంగడి అంచు సర్ది, కర్ర అందుకుని గొర్ల వెంట పోయాడు.