తెల్ల కాయితాల మీద మల్లక్క సంతకాలు

కోరుట్ల గల్ఫ్ కుటుంబాల సంఘంల మల్లక్క మూడేండ్ల సంది కమిటీ మెంబరు. పెనిమిటి దుబాయిల పనికి పోయి ఆడనే పానం ఇడిసిండు, ఆ కష్టం ఎరిగిన మనిషని అందరు కలిసి ఎన్నుకున్నరు. చదువు నాలుగో తరగతి. బీడీలు చేస్తది. మీటింగుకు పోతే ఆ పూట వెయ్యి బీడీలు కావు, కార్ఖానల మాట పడాలె.

గందుకే సెక్రటరీ సురేందర్ ఒక ఉపాయం చేసిండు. తీర్మానాల పుస్తకం పట్టుకొని ఇంటికే వచ్చిండు. "అక్కా, ఏడాది మీటింగులకు ఒక్కపారే పెట్టు. నీకు తిప్పల తప్పుతది" అన్నడు. ఒళ్లె బీడీల చాట దించకుండనే పన్నెండు తెల్ల కాయితాల కింద సంతకం పెట్టింది.

మొన్న వానకాలంల పక్కింటి సంగీత వచ్చి గడప కాడ నిలబడ్డది. ఆమె మొగడు మస్కట్ జైల్ల ఉన్నడు. వకీలును పెట్టియ్యమని సంఘానికి దరఖాస్తు ఇచ్చుకున్నది.

"కమిటీ వద్దన్నదట అత్తా. కింద నీ సంతకమే ఉన్నది. గా మాటేదో నా మొఖం మీదనే చెప్పకపోయినవా?"

తోటి బీడీలు చేసే నాకు ఈ సంగతి చెప్పేటప్పుడు గూడ మల్లక్క గొంతు తగ్గించింది. అందరి ముంగట ఒప్పుకుంటే మెంబరుగిరి పోతది, ఊళ్లె పేరు పోతది. ఒప్పుకోకుంటే సంగీత మొగడు ఆడనే ఉంటడు.

సంఘపోళ్లందరు కూడిన పెద్ద మీటింగుల మల్లక్క లేచి నిలబడ్డది. "గా మీటింగుకు నేను రాలె. సంతకం నాదే. రాయకముందే పెట్టిన. తప్పు నాది."

"ఎంబసీ కాయితం లేదని దరఖాస్తును నేనొక్కన్నే పక్కకు పెట్టిన" అన్నడు సురేందర్, తల దించుకొని. "కమిటీ వద్దన్నదని రాసిన. అందరిని పిలుసుడు కాలేదక్కా."

అధ్యక్షుడు యాదగిరి పుస్తకం తిప్పి, ఉత్త నెల పేరే రాసున్న తెల్ల కాయితం చూసి, "వచ్చే మార్చి మీటింగుకు గూడ నువ్వు హాజరైనవే మల్లక్కా" అన్నడు. జనం నవ్విన్రు. ఆ నవ్వుల ఇంకో ముగ్గురు ఆడోళ్లు లేచిన్రు. "మేం గూడ గంతే పటేలా" అన్నరు అధ్యక్షుని తోటి.

మిగిలిన తెల్ల కాయితాలన్నీ అడ్డంగ గీత పెట్టి కొట్టేసిన్రు. మీటింగు కార్ఖాన బందుండే ఆదివారానికి మార్చిన్రు. సంగీత దరఖాస్తు అందరు వినేటట్టు చదివి ఒప్పుకునేటోళ్లను చేతులెత్తమన్నరు. ఎత్తని చెయ్యి లేదు. ఎంబసీ కాయితం తెప్పిచ్చే పని సురేందర్ మీదనే పెట్టిన్రు.

"ఇగ నన్ను తీసెయ్యిండ్రి" అన్నది మల్లక్క.

"ఉండనియ్యిండ్రి" అన్నది సంగీత. "ఇగ చదివించుకోనిదే సంతకం పెట్టది."

ఆనాటి తీర్మానాన్ని సురేందర్ తోటి రెండుపార్లు చదివించుకొని, అందరికంటె ఆఖరుకు సంతకం పెట్టింది మల్లక్క. "పానం ఎంత నిమ్మలమైందో" అన్నది నాతోటి.