పెండనీళ్ళు మాన్పించిన పెద్దబాపు

మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, మొన్న పొద్దున పోయాడు. మెట్‌పల్లిలో నాకు కబురందేసరికి ఇంకా ఎండ కూడా ఎక్కలేదు. కబురు తెచ్చినవాడి సైకిలు వెనకే కూర్చుని ఊరికి బయలుదేరాను. దారంతా ఏడుపుకన్నా ముందు ఆయన తిట్లే గుర్తొచ్చాయి. ఆయన నోట పడని మనిషి మా ఊళ్ళో లేడు.

మా వైపు పసుపు కొమ్ముల్ని పెండ, అంటే ఆవుపేడ, కలిపిన నీళ్ళలోనే ఉడకబెట్టేవారు. రంగు పడుతుందనీ, పవిత్రమనీ తాతలనాటి నమ్మకం. హైదరాబాద్ రాజ్యంలోని మా జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కొత్తలో, పంట కొని అమ్మిపెట్టే నిజామాబాద్ అడ్తిదారు ఒకాయన మా ఊరి పసుపును బొంబాయి మీదుగా పరదేశానికి పంపాడు. మంచి ధర వస్తుందని ఊరంతా సంబరపడింది. సరుకు తిరిగొచ్చింది. అడ్తిదారే వచ్చి పెద్దబాపుతో చెప్పాడు: "పెండ వాసనొస్తుందని వద్దన్నరు పటేలా. ఇంకొక్కసారి పంపి చూస్త. మల్ల గిట్లనే అయితే మీ ఊరి మాల్ ముట్టనే ముట్ట."

"ఈసారి ఉత్త నీళ్ళల్ల ఉడకవెడదాం" అన్నాడు పెద్దబాపు. ఊరు భగ్గుమంది. అందరికన్నా ఎక్కువ మండిపడింది ఆయన భార్య, మా పెద్దవ్వే. కొంగు దోపుకుని పసుపు ఉడికించే కడాయికి అడ్డం నిలబడింది.

"పెండ లేని పసుపు పసుపేనా? లచ్చిమి ఇల్లిడిసి పోతది!"

"పెండ మనకు లచ్చిమి. ఆళ్ళకు పెండ పెండనే. కూరల ఏసుకునేటోని ముక్కు నడగాలె, మన ముక్కును కాదు."

ఎవరూ వినకపోతే తన పంట మొత్తం మంచినీళ్ళలో ఉడికించాడు. రంగు పడకపోతే ఆ ఏడు ఇల్లు గడవదు. కొమ్ములు ఎండినన్నాళ్ళూ అన్నం సరిగా తినలేదు. ఒక కొమ్ము విరిచి, అరచేతిలో రుద్ది, ఎదురొచ్చిన వాళ్ళందరి ముక్కు దగ్గరా పెట్టేవాడు. వాసన రావడం లేదంటే నమ్మడు, పక్కింటికి పోయి మళ్ళీ అడుగుతాడు.

ఆ సరుకు ఓడెక్కింది, తిరిగి రాలేదు. ఇంకా కావాలంటూ అడ్తిదారు వచ్చాడు. మరుసటి ఏడు పెద్దవ్వే ఇంటింటికీ తిరిగి పెండ కంపు పోయేదాకా కడాయిలు తోమించింది. అందర్నీ తిట్టే పెద్దబాపు ఆమెను మాత్రం ఒక్కమాట ఎత్తిపొడవలేదు.

ఆయన సముద్రం చూడలేదు. బొంబాయి మిల్లుల్లో నేతపని చేసి వచ్చిన సాలోళ్ళను పట్టుకుని, "ఓడ చూసినవా? లోపట తడి తగుల్తదా?" అని అడిగేవాడు. కొమ్ములకు బూజు పడుతుందేమోనని ఫికర్.

నేను చదువుకున్నది ఆ పసుపు డబ్బుల మీదే. ఎదురుగా చెబితే తిడతాడని ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతుంటే వినడానికి ఆయన లేడు.

నేను వెళ్ళేసరికి వాకిట్లో ఆయన్ని పడుకోబెట్టారు. పొద్దున ఆయన చేతులతో నిప్పంటించిన కడాయి పెరట్లో ఇంకా ఉడుకుతోంది. ఉన్నట్టుండి పెద్దవ్వ లేచి అటు నడిచింది. ఒక ముసలామె చెయ్యి పట్టి ఆపింది.

"నువ్వు గిప్పుడు పసుపు ముట్టద్దు బిడ్డా."

పెద్దవ్వ చెయ్యి విడిపించుకుంది.

"గిది నేను మొఖానికి పూసుకునే పసుపు కాదత్తా, ఓడెక్కేది. జర ఎక్కువుడికితే ఖరాబైతది."

చీపురుపుల్లతో ఒక కొమ్మును గుచ్చి చూసింది. ఆవిరిలో ఆమె మొహం కనబడలేదు.

"ఉడికింది, దించుండ్రి" అన్న మాటొక్కటే వినబడింది.