మోటారు ఎవరు వేయాలి?

లెక్కల టీచరు స్వరాజ్యానికి కాదనే వాళ్లతో ఎన్నడూ పేచీ లేదు. కాదంటే వాదించవచ్చు, కసురుకోవచ్చు, చివరికి దండం పెట్టి బతిమాలవచ్చు. శంషాబాద్ పక్కనున్న ఆ ఊళ్లో అందరూ సరేనంటారు. ఆ సరేతోనే ఆమె తల ప్రాణం తోకకొస్తోంది.

అందరిలోకీ ఘనుడు కుర్మయ్య. అతని కూతురు సంతోషి పదో తరగతి లెక్కల్లో బడికంతటికీ మొదట వచ్చింది. ఇంటర్‌లో ఎంపీసీ చేర్పించమని స్వరాజ్యం అడిగిన ప్రతిసారీ, "మీరు చెప్పినంక కాదంటమా మేడం" అని చాయ్ తాగించి పంపాడు. బడంగ్‌పేట్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే మనిషికి ఆ చాయ్ తప్ప మిగిలిందేమీ లేదు. ఇవాళ కాలేజీలో చేర్చుకోవడానికి ఆఖరి రోజు. మధ్యాహ్నమైనా తండ్రీ కూతుళ్ల జాడ లేకపోయేసరికి ఆమె చిర్రెత్తి నేరుగా చేనుకే వెళ్లింది.

సంతోషి బోరు దగ్గర స్టార్టర్ డబ్బా విప్పి, లోపల మాడిన కాంటాక్టు ముక్కలను గరుకు కాగితంతో రుద్దుతోంది. కుర్మయ్య దూరంగా గట్టు మీద కూర్చుని మురిసిపోతున్నాడు.

"చూసిన్రా మేడం? నా బిడ్డ ఉంటె మెకానిక్‌తోని పని లేదు. గీ పిల్ల కాలేజికి పోతే మోటరు ఎవరెయ్యాలె? కరెంటు ఎప్పుడొస్తదో ఎవలకెరుక?"

"ఆ తెలివి ఉందనే కదయ్యా చదివించమంటున్నాను! లెక్కల్లో తప్పిన నీ కొడుకుని ఎంపీసీలో వేశావు. మోటారు వాణ్ని వేయమను."

"శ్రీకాంత్ మొగపిలగాడు గద మేడం."

స్వరాజ్యానికి ఒళ్లు మండింది. "అయితే నువ్వే వేసుకో!"

కుర్మయ్య నవ్వి మొహం తిప్పుకున్నాడు. టమాట సాళ్లలో కలుపు తీస్తున్న అతని భార్య రుక్కమ్మ నడుము నిటారు చేసింది.

"ఆయనకు భయం మేడం. ఓపాలి షాక్ కొట్టింది. గప్పటిసంది గా డబ్బ దిక్కు పోడు."

"నువ్వు ఊకో!" అని కుర్మయ్య అరిచాడు.

స్వరాజ్యం గట్టు మీద కూలబడింది. సరేనంటూనే బస్సు దూరమన్నాడు, రోజులు బాగాలేవన్నాడు, వచ్చే ఏడు చూద్దామన్నాడు. అన్నిటికీ జవాబులు వెతుక్కుని చెప్పులరిగేలా తిరిగింది. తీరా చూస్తే అసలు సంగతి ఇదా! ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పళ్లు నూరుకుంది.

సంతోషి డబ్బా మూసి, ఫ్యూజులు పెట్టి, తండ్రి దగ్గరకు వచ్చింది.

"రా బాపు. చెయ్యి మంచిగ తుడ్చుకో. చెప్పులు ఇడ్వకు. నేను పక్కన్నే ఉంట."

భార్యా, టీచరూ చూస్తుండగా కుర్మయ్యకు లేవక తప్పలేదు. కళ్లు మూసుకుని పచ్చ బటన్ నొక్కాడు. మోటారు గుర్రుమంది, పైపులోంచి నీళ్లు దూకాయి. కళ్లు తెరిచి ఎర్ర బటన్ నొక్కి ఆపాడు. మళ్లీ పచ్చది నొక్కాడు.

"గింతేనా బిడ్డా?"

"గింతే బాపు," అంది సంతోషి. "గీ గింత దానికే నన్ను ఆపినవ్."

నీళ్లు సాళ్లలోకి పారుతుంటే కుర్మయ్య కూతురి మొహం చూడలేక భార్య వైపు తిరిగాడు.

"రుక్కమ్మా, నా అంగి ఇటియ్యి," అన్నాడు. "కాలేజి బందయితదేమో."