నలుగురు భీమవ్వలు, ఒక అత్తాబాయి

మా చిన్నప్పుడు... మా అమ్మ నన్ను "అత్తా" అని పిలిచేది.

నవ్వకండి. పెరట్లో బురదంతా కాళ్లకు పూసుకుని తిరిగే పిల్లని నేను. "అత్తా, ఇటు రా... కాళ్లు కడుగుత" అనేది అమ్మ. నా పేరు భీమవ్వ. మా బాపమ్మ, అంటే మా బాపు వాళ్ల అమ్మ పేరు కూడా భీమవ్వే. కోడలు అత్త పేరు నోటితో పలకకూడదు... అది మా ఇళ్లల్లో పద్ధతి. ఆ పేరు కడుపున పుట్టిన పిల్లకి పెట్టినా సరే, పలకకూడదు.

మామూలుగా పోయినవాళ్ల పేర్లు పెడతారు కదా... మా బాపమ్మ మాత్రం బతికుండగానే తన పేరు నాకు పెట్టించుకుంది. "నేను సచ్చినంక పెడ్తే నాకెట్ల ఇనవడ్తది?" అందట.

రాజురా పక్కన మా పల్లెలో భీమవ్వ అంటే ఆషామాషీ పేరు కాదు మరి. మొదటి భీమవ్వ గోండు రాజుల కాలం మనిషి. ఊరి మంచినీళ్ల బావి తవ్వించింది ఆవిడే. నిజాం కాలంలో ఇంకో భీమవ్వ... కరువొచ్చిన ఏడు తన ఇంటివాళ్లను అంబలితో సరిపెట్టి, గుమ్మిలో దాచిన జొన్న విత్తనాలు ఊరందరికీ పంచింది. మూడో భీమవ్వ మా బాపమ్మ. పశువుల కొట్టంలోకి వచ్చిన పెద్దపులిని రోకలి పట్టుకుని తరిమింది. పులి రోకలికి భయపడిందా, బాపమ్మ తిట్లకు భయపడిందా అని మా బాపు చాటుగా నవ్వేవాడు.

నాలుగో భీమవ్వను నేను. అప్పటికి నేను చేసిన ఘనకార్యం ఒక్కటీ లేదు... గొప్పలకు మాత్రం తక్కువ లేదు.

ఆ పేరుతో సుఖం కూడా ఉండేది. అమ్మ నన్ను గట్టిగా తిట్టలేకపోయేది. "అత్తా, నీ నోరు పడిపోను" అంటే పక్క అర్రలో అసలు అత్త వింటుంది కదా...

ఆ రోజుల్లోనే రాష్ట్రాలను విడదీసి కలిపారు, మమ్మల్ని మరాఠీ వైపు వేశారు. మా ఊరు ఉన్నచోటే ఉంది... పైన పేర్లే మారాయి. ఆదిలాబాద్ జిల్లా అన్నారు, తర్వాత నాందేడ్ అన్నారు, ఆ తర్వాత చాందా అన్నారు. మా అన్న ఉర్దూ బడిలో చదివాడు, నా వంతుకు మరాఠీ బడి వచ్చింది. వార్ధా నది అవతలి నుంచి కొత్త గురూజీ వచ్చారు.

బాపు దుక్కికి పోవడంతో నన్ను బడిలో వేయడానికి అమ్మే తీసుకెళ్లింది. "గురూజీ ముంగట నోరు తెరిసినవంటే సూడు" అని దారంతా చెప్పింది. ఏనాడూ అమ్మ మాట వినని నేను... ఆ రోజే విన్నాను.

"ములీచ నావ్ కాయ్?" అని గురూజీ నా పేరు అడిగారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేను అనొద్దు గురూజీ" అంది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. పోనీ ఇంట్లో ఏమని పిలుస్తారు అని అడిగారు. గండం గడిచిందనుకుంది అమ్మ... "అత్తా అని పిలుస్త" అని చెప్పేసింది.

మర్నాడు హాజరీలో, మరాఠీ పద్ధతిలో 'బాయి' తగిలించి, "అత్తాబాయి" అని పిలిచారు. ఎవరూ లేవలేదు. గురూజీ నా వైపు చూపించేసరికి పిల్లలంతా పడీ పడీ నవ్వారు. సాయంత్రందాకా "కోడలేదే అత్తా?" అని ఒకటే ఏడిపించడం. నేను ఏడ్చుకుంటూ ఇల్లు చేరాను. వాళ్లు నవ్వినందుకు కాదు... బావి, విత్తనాలు, పులి అన్నీ దాటుకుని వచ్చిన పేరు నా దగ్గరికి వచ్చి పోయిందే అని.

బాపమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. "ఊరు గటు కలిసింది, మంచిదే... నా పేరెటు వోయింది?" అని ఒకటే గొణుగుడు.

బాపు బడికి వెళ్లి చెప్పాడు. ఒకే ఇంట్లోంచి ఒక్కొక్కరు వచ్చి తలో పేరు చెబితే ఎలా, పేరు రాయించిన తల్లే వచ్చి చెప్పాలి అన్నారు గురూజీ. పేరు పలికితే అత్తకు ఆయుష్షు తగ్గుతుందని అమ్మ భయం. బాపమ్మే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. "పులి ముంగట నేను నోరు తెరిసిన. పంతులు ముంగట నువ్వు తెర్వవా?" అంది. తీసుకెళ్లి, తను బడి గడప మీద కూర్చుంది.

అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. బడంతా వినపడేలా అంది... "భీమవ్వ".

"ఆఁ... ఏంది బిడ్డా" అని గడప మీంచి బాపమ్మ పలికింది. "హాజర్" అని నేను లేచి నిలబడ్డాను.

గురూజీ నవ్వు ఆపుకోలేక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. బాపమ్మ లోపలికొచ్చి అమ్మ మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. "పెండ్లై వచ్చినకాంచి ఇయ్యాల్నే పిలిచినవ్. నా పేరు నీ నోట్ల మంచిగున్నది" అంది. అమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఆ తర్వాత బాపమ్మ చాలా ఏళ్లు దిట్టంగా బతికింది.

తిరిగి వస్తుంటే బాటలో... "అత్తా, ముండ్లున్నయ్, సూసి నడువ్" అంది అమ్మ. మళ్లీ మొదటికే.

చాందా ఇప్పుడు చంద్రపూర్ అయింది. నా మనవరాలి పేరు మా కోడలు ఫోన్లో వెతికి పెట్టింది. ముద్దుగానే ఉంది... మా ఇంట్లో ఎవరిదీ కాదు, అంతే. బ్యాంకులో, దవాఖానాలో మా కోడలు నా పేరు ధీమాగా చెబుతుంది. నా ఆయుష్షుకేమీ కాలేదు.

మీకు ఎవరి పేరు పెట్టారు? ఆ పేరు పలకలేక మీ అమ్మ మిమ్మల్ని ఏమని పిలిచేది? గుర్తుంటే చెప్పండి... చదువుకుని మురిసిపోతాను.

ఇప్పుడు నేను నిజంగానే అత్తను. అయినా వంటింట్లోంచి కోడలు "అత్తా" అని పిలిస్తే... ముందు నా కాళ్లకు బురద ఉందేమోనని చూసుకుంటాను.